భయం అద్దిన గుడ్డ

ఆ ఇంట్లో భయపడే పనంతా దేవసేన ఒక్కతే చేసేది. వంటలోనూ, బట్టల దగ్గరా, బజారు పనుల్లోనూ మొగుడు చెంగల్రాయుడు ఒక చెయ్యి వేసేవాడు, కాదనడానికి లేదు. భయంలో మాత్రం అతనెప్పుడూ వాటా అడగలేదు. ఆమె ఇద్దరికీ సరిపడా పడుతోంది కదా అని ఊరుకున్నాడు.

కూతురు నీలకి ఏడేళ్లు. మూడో ఏట మొదటిసారి ఫిట్స్ వచ్చింది. మందులతో తగ్గాయి గానీ పూర్తిగా పోలేదు. నెలకి రెండుసార్లో మూడుసార్లో వచ్చేవి, అదీ చెప్పా పెట్టకుండా. వచ్చే ముందు ఒకే ఒక్క గుర్తు ఉండేది. పిల్ల ఎడమచేతి బొటనవేలు పక్క వేళ్లను మెల్లగా రుద్దడం మొదలుపెట్టేది. ఆ తర్వాత పది లెక్కపెట్టేలోగా కళ్లు ఒక పక్కకి వెళ్లిపోయి, ఒళ్లు బిగుసుకునేది.

నాలుగేళ్లుగా దేవసేన ఆ బొటనవేలు చూస్తూనే బతికింది. స్నానాల గది గడియ ఊడపీకేసింది. గ్యాస్ పొయ్యి ముందు కర్రలతో చిన్న గేటు కట్టించింది. బల్లల మూలలకి పాత చీరల పీలికలు చుట్టింది. పడుకునేటప్పుడు ఎర్ర నూలుదారం ఒక కొస పిల్ల కాలికీ, ఇంకో కొస తన మణికట్టుకీ కట్టుకునేది. ముప్ఫై రెండేళ్లకే చెంపలు లోపలికి పోయాయి. అన్నం ముద్ద నోటిదాకా వెళ్లి, పక్క గదిలో గిన్నె చప్పుడైతే కంచంలోకి తిరిగొచ్చేది. "ఏమవుతుందో" అనేది ఆమెకి ఊతపదమైపోయింది. ఆ ఏడాది వేసవిలో రెండుసార్లు స్పృహ తప్పి పడింది. గుండె పరీక్ష చేసిన డాక్టరు రాయుణ్ణి పక్కకి పిలిచి, ఈమె ఇలాగే ఉంటే పిల్లకంటే ముందు ఈమెకే వైద్యం చెయ్యాల్సి వస్తుందన్నాడు.

భార్య మీద అతనికి ప్రాణం. మేనమామ కూతురే. శ్రీకాళహస్తిలో మామ మునిరత్నం ఇంటి పెరట్లో, కలంకారీ గుడ్డల మధ్య ఇద్దరూ కలిసి పెరిగారు. మునిరత్నం రామాయణాలు, కల్పవృక్షాలు వేసేవాడు. దేవసేన పదేళ్లకే వెదురు కలం పట్టి, తండ్రి గీసిన దేవతల నగలకి చుక్కలు పెట్టేది. రాయుడికి బొమ్మ రాలేదు గానీ ఆ పెరట్లో ఒక ప్రశ్న అంటుకుంది. గేదెపాలు, కరక్కాయ కలిపి నానబెట్టిన గుడ్డ మీద పటిక నీళ్లతో గీస్తే ఏమీ కనబడదు. అదే గుడ్డని మంజిష్ఠ వేరుతో ఉడకబెడితే, పటిక తగిలిన చోటల్లా ఎరుపు పైకొస్తుంది. చిన్నప్పుడు ఎందుకని అడిగితే మామ నవ్వి, "పటిక లేకుంటే రంగు గుడ్డని పట్టదురా. రెండిటికీ పెళ్లి చేసేది అదే" అన్నాడు.

ఆ పెళ్లిపెద్ద మీదే రాయుడు పెద్ద చదువులు చదివాడు. చదివి, తిరుపతి రోడ్డులో ఉన్న ఒక పరిశోధనాలయంలో చేరి, రంగుకి బదులు మనసులోని భావాన్ని గుడ్డకి పట్టించే ఉప్పు ఒకటి తయారుచేశాడు. దానికి వాళ్లు పెట్టిన పేరు బంధకం. గేదెపాలలో కలిపి గుడ్డని నానబెడతారు. మనిషి ఆ గుడ్డ మీద ఒక అరచెయ్యి ఆనించి, రెండో చేత్తో కలం పట్టి, తనని వేధించే భయాన్ని తలుచుకుంటూ గీస్తాడు. తలుచుకున్న ప్రతిసారీ పాత భయం కాసేపు వదులవుతుంది, తర్వాత మళ్లీ బిగుసుకుంటుంది. అలా వదులైన ఆ కాసేపట్లోనే, మణికట్టుకి తొడిగిన, యంత్రం నుంచి సన్నగా కరెంటు పారే రాగి కడియం తోడుతో బంధకం దాన్ని చెమటతో పాటు గుడ్డలోకి లాగేస్తుంది. గుడ్డకి పట్టిన భయం అక్కడే ఉంటుంది. ఎవరైనా ఎదురుగా నాలుగడుగుల్లో నిలబడితే ఒంటి వేడికి అందులోంచి వాసన లేని వాసన ఒకటి లేచి, వాళ్ల ముక్కు వాళ్లకి తెలియకుండానే దాన్ని పసిగడుతుంది, ఆ భయం వాళ్లకీ అంటుకుంటుంది. గీసిన మనిషికి మాత్రం ఆ వాసన అందదు.

ఒక రిటైర్డు హెడ్‌మాస్టరు తన బల్లిభయాన్ని అలా వదిలించుకున్నాడు. ఆయన గీసింది రెండు పసుపుపచ్చ సున్నాలు, ఒక అడ్డగీత. ఆ గుడ్డ ముందు నిలబడ్డ ప్రతివాడూ ముందుగా కప్పు వైపు చూసేవాడు. ల్యాబులో అందరూ పడిపడి నవ్వుకున్నారు. పద్నాలుగు మందికి చేశారు, పద్నాలుగు మందీ హాయిగా ఇంటికెళ్లారు. పదిహేనో మనిషి దేవసేన.

వెంటనే ఏం ఒప్పుకోలేదు.

"భయంతో పాటు పాప మీద ప్రేమ కూడా పోతే ఎట్ల బావా?" అంది.

"అది వేరు, ఇది వేరుమే. భయం ఒక్కటే పోతాది. నన్ను నమ్ము."

చిన్నప్పటి నుంచి అతను నమ్మమంటే ఆమె నమ్మేది. ఆ రోజూ నమ్మింది.

గుడ్డ పరిచారు. నాలుగేళ్ల తర్వాత ఆమె కలం పట్టడం అదే. బొమ్మలు వెయ్యకూడదని డైరెక్టరు అంబుజాక్షి ముందే చెప్పింది. బొమ్మ గీస్తే చెయ్యి అలవాటు మీద పోతుంది, మనసు పక్కకి తప్పుకుంటుంది. రంగు, గీత, ఆకారం, అంతే. పుట్టి బుద్ధెరిగాక కన్నూ ముక్కూ లేని బొమ్మ ఎరగని దేవసేన, తెల్లటి గుడ్డ ముందు చాలాసేపు కదలకుండా కూర్చుంది. తర్వాత కలం నల్లరంగులో ముంచింది. బెల్లం, తుప్పు ఇనుము ఊరబెట్టిన నలుపు అది, ఇంట్లో తండ్రి చేసిందే. ఒక నల్లగీత గీసి కన్నీళ్లు తుడుచుకుంది. ఇంకోటి గీసింది. మూడు రోజులు, పూటకి రెండు గంటలు. నలుపు వంపులు, వాటి మధ్య నీలిమందు మరకలు, అక్కడక్కడా పటిక తడి. నడిమికి కొంచెం కింద అరచేతంత చోటు మాత్రం ఖాళీగా వదిలేసింది. ఎడమ అంచు నుంచి ఆ ఖాళీదాకా, ఉడికిన మంజిష్ఠ రసంతో ఒక సన్నటి ఎర్రగీత లాగింది. అన్నిటికంటే చివర గీసింది అదే. గీసి కలం కింద పెట్టి, "ఆకలిగా ఉండాది బావా" అంది.

ఆ రోజు ఆమె మూడు దోసెలు తింది. రాయుడు ఆమెకి కనబడకుండా అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

ఆ తర్వాత మూడు వారాలు ఆ ఇంట్లో పండగే. దేవసేన నిద్రపోయింది. గురక కూడా పెట్టింది. నవ్వడం మొదలుపెట్టింది, బుగ్గలు తిరిగొచ్చాయి. పొయ్యి ముందు గేటు అడ్డంగా ఉందని తీసి అటక మీద పడేసింది. నీలని బజారుకి తీసుకెళ్లి గాజులు కొనిపెట్టింది. పిల్ల ఆనందానికి అంతే లేదు. "నాన్నా, అమ్మ నన్ను ఉయ్యాల ఊగనిచ్చింది, తెలుసా!" అని వీధంతా చాటింది. ల్యాబులో కొలత తీస్తే పదికి తొమ్మిదున్న భయం ఒకటికి దిగింది. అంబుజాక్షి అతని భుజం తట్టింది.

ఎర్రదారం కూడా ఒకరోజు గోడ మేకుకెక్కింది. రాయుడు చూశాడు. తనకి తనే సర్దిచెప్పుకున్నాడు, మనిషి బాగుపడాలని కోరుకుని, బాగుపడ్డాక అనుమానం దేనికని. "దారం కట్టుకోలేదే?" అని మాత్రం అడిగాడు.

"ఏమవుతుందిలే బావా," అంది ఆమె, జడ అల్లుకుంటూ.

నాలుగేళ్లు "ఏమవుతుందో" విన్న చెవికి ఆ మాట తీయగా ఉండాలి. ఎందుకో ఉండలేదు.

ఆ గురువారం మధ్యాహ్నం అతను మరిచిపోయిన కాగితాల కోసం ఇంటికొచ్చాడు. పంచాయతీ నీళ్లు వస్తున్నాయి. వాకిట్లో సంపు మూత తీసి ఉంది. నీల సంపు అంచు మీద కూర్చుని, కాళ్లు లోపలికి వేలాడేసి, వేపాకులు ఒక్కొక్కటే నీళ్లలోకి వదులుతోంది. పదడుగుల దూరంలో తీగ మీది బట్టలు మడతపెడుతూ దేవసేన పిల్ల వైపే చూస్తోంది. రాయుడు బండి ఆపుతుండగా పిల్ల చేతిలోంచి ఆకు జారిపోయింది. ఎడమ బొటనవేలు పక్క వేళ్లని రుద్దుతోంది.

అతను బండిని అలాగే వదిలేసి ఉరికాడు. బండి కింద పడింది. పిల్ల నడుముదాకా నీళ్లలోకి జారిన తర్వాతే జబ్బ దొరికింది. పైకి లాగి, పక్కకి తిప్పి పడుకోబెట్టి, వణుకు ఆగేదాకా తల పట్టుకుని కూర్చున్నాడు. అప్పుడు తలెత్తి చూస్తే దేవసేన దగ్గరికొచ్చి నిలబడి ఉంది. చేతిలో తువ్వాలు. అది సగం మడతపెట్టి ఉంది.

"చూడలేదామే నువ్వు?" అరిచాడు.

"చూసినా బావా."

"వేలు చూసినావా?"

"చూసినా. ఫిట్స్ వస్తా ఉండాదని తెలిసింది. నీళ్లలో పడతాదని కూడా తెలిసింది." ఆమె నిజంగానే గుర్తుచేసుకుంటున్నట్టు నొసలు ముడిచింది. "తెలిసింది గానీ కాళ్లు లేవలేదు. ఇంతకు ముందు అవే ఉరికేవి కదా. ఈ తువ్వాలు అయినాక పోదాంలే అనిపించింది."

ఆమె వంగి పిల్ల తడి జుట్టు తుడిచింది, ముద్దు పెట్టుకుంది. ఆ ముద్దులో వంక పెట్టడానికేమీ లేదు.

"దాని మీద ప్రేమ పోలేదు బావా. చూడు, ఎత్తుకోవాలని ఉండాది. దానికేమన్నా అవుతాదని మాత్రం అనిపించడంలే. నేను చెడిపోయినానా?" అంది.

"నువ్వు కాదు," అన్నాడు రాయుడు. పిల్లని ఎత్తుకుని లోపలికి నడిచాడు.

మర్నాడు పొద్దున్నే అంబుజాక్షి గదిలో కూర్చున్నాడు. ఆమె మంచి మనిషే, శ్రద్ధగా విన్నది. పాత పద్నాలుగు మందినీ పిలిచి మళ్లీ పరీక్షిద్దామంది. కొత్తవాళ్లని ఆపేద్దామనీ ఒప్పుకుంది. కానీ అసలు సంగతి దగ్గర తల అడ్డంగా ఊపింది.

"తిరిగి ఎక్కించడం మనమెప్పుడూ చెయ్యలేదు రాయుడుగారూ."

"చెయ్యొచ్చు మేడం. గుడ్డ ఇంకా ఉడకలేదు. బంధకం వదులుగానే ఉంది. కరెంటు అటునుంచి ఇటు తిప్పి, ఆమె చెయ్యి గుడ్డ మీద ఆనిస్తే వచ్చేస్తుంది. ఉడికిందంటే మాత్రం గుడ్డని పట్టేస్తుంది, ఇక రాదు."

"యంత్రం మార్చడానికి సోమవారం దాకా పడుతుంది. ఈలోగా రేపు గుడ్డలన్నీ ఉడకబెట్టే షెడ్డుకి వెళ్తాయి. ఎగ్జిబిషన్‌కి పంపాలి, తెలుసుగా. ఆ ఒక్కటీ తీసి పక్కన పెట్టమని చెప్తాను."

షెడ్డు పనివాళ్ల మీద రాయుడికి నమ్మకం లేదు. ఒక గుడ్డ పక్కన పెట్టమంటే రెండు కలిపి గంగాళంలో వేసే రకం. అందుకని సాయంత్రం దేవసేన గుడ్డని తనే చుట్టచుట్టి ఇంటికి తెచ్చుకున్నాడు. దారి పొడుగునా అది వీపు సంచిలోంచి అతన్ని తరుముతూనే ఉంది. రెండుసార్లు బండి ఆపి, నీల ఎక్కడుందో ఫోన్ చేసి కనుక్కున్నాడు.

ఇంటికొచ్చి దాన్ని ఇనప్పెట్టెలో పెట్టాడు. భార్యకి అన్నీ విడమరిచి చెప్పాడు. "సోమవారందాకా దీన్ని ఎవరికీ ఇవ్వొద్దు. నీళ్లు తగలకూడదు, వేడి తగలకూడదు. అర్థమైందా?"

"అయింది," అంది దేవసేన. అయింది కూడా. కావాలంటే అతని మాటలు పొల్లుపోకుండా తిరిగి చెప్పేది.

మామకి మాత్రం అతను చెప్పలేదు. అదే అతను చేసిన తప్పు. నీ కూతురి భయం తీసేశాను, తీసేసి నీ మనవరాలిని సంపులో పడేసేదాకా తెచ్చాను అని ఏ మొహం పెట్టుకుని చెప్తాడు? సోమవారం అయిపోతే చెప్పే అవసరమే ఉండదనుకున్నాడు.

ఆదివారం నీలని తిరుపతిలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు, తలకి వైర్లు పెట్టి పరీక్ష చేయించడానికి. తిరిగొచ్చేసరికి సాయంత్రం నాలుగైంది. వాకిట్లో మునిరత్నం పాత మోపెడ్ ఉంది. లోపల నులకమంచం అంచున ముసలాయన కూర్చుని ఉన్నాడు, పంచె తడిసి ఉంది. నీలని చూడగానే లేచి, పిల్లని గట్టిగా పట్టుకుని, తలా చేతులూ తడిమి చూసుకున్నాడు.

"బాగుండావా తల్లీ? బాగుండావు కదా? అమ్మయ్య."

"ఏంది మామా, ఎందుకట్ల వణకతా ఉండావు?"

"ఏమోరా. పొద్దున్నించి మనసు మనసులో లేదు. ఉడికిన గుడ్డని ఏట్లో నిలబడి మళ్లీ జాడిస్తా ఉంటే ఉన్నట్టుండి నీల గుర్తొచ్చి గుండె దడదడలాడింది. దీనికేమన్నా అయిందేమోనని పొయ్యి ఆర్పీ ఆర్పకుండానే ఉరుక్కుంటా వచ్చినా."

రాయుడు మంచం వైపు చూశాడు. "ఏ గుడ్డ మామా?"

"ఇంకేం గుడ్డ? నా బిడ్డ గుడ్డ!" మునిరత్నం మంచం మీద పరిచిన గుడ్డ మీద కప్పిన తువ్వాలు తీశాడు. "నాలుగేళ్లకి కలం పట్టింది, నాతో ఒక్క మాట చెప్పలే ఇద్దరూ. పొద్దున మిమ్మల్ని చూద్దామని వస్తే దేవసేన మాటల్లో చెప్పింది. చూస్తే పెట్టెలో చుట్టి పెట్టుండారు. పటిక పెట్టిన గుడ్డరా అది! మురగబెడితే గుడ్డని తినేస్తాది, నీకు తెల్దా? ఇంత చదివి ఏం లాభం? తీసకపోయి పారే నీళ్లలో జాడించి, మంజిష్ఠలో బాగా ఉడకేసినా. ఈసారి ఏట్లో నీళ్లు బలే ఉండాయి."

గుడ్డ మీద, ఇంతకు ముందు ఏమీ కనబడని పటిక తడి చోట్లలో ఎరుపు పూసింది. నలుపు మెరిసింది. అంత చక్కగా పట్టిన రంగు రాయుడు తన ల్యాబులో ఎన్నడూ చూడలేదు. చేతకాని షెడ్డువాళ్ల నుంచి కాపాడి తెచ్చి, కాళహస్తిలో అందరికంటే మంచి పనివాడి చేతిలో పెట్టాడు.

"బొమ్మ యాడుందిరా ఇందులో అని చానాసేపు ఎతికినా," అంటున్నాడు మునిరత్నం. "కన్నా, ముక్కా, ఏమీ లేదు. కానీ చూస్తా ఉండలేక పైన తువ్వాలు కప్పినా. మా నాయన గీసిన రావణుడికి కూడా నేనింత భయపడలే."

రాయుడు భార్య వైపు తిరిగాడు. "చెప్పినా కదమే, ఎవరికీ ఇవ్వొద్దని!"

"చెప్పినావు, గుర్తుండాది," అంది దేవసేన. ఆమె మొహంలో తప్పు చేశానన్న కలవరం లేదు, అబద్ధమూ లేదు. "నాయన అడిగినాడు. ఇచ్చినా. ఏమవుతుందిలే అనిపించింది."

దాచుకోవాలంటే పోతుందన్న భయం ఉండాలి. ఆ భయమేమో ఆ గుడ్డలోనే ఉంది. రాయుడు గడప మీద కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఎందుకో తెలియక మునిరత్నం కంగారుపడ్డాడు. అప్పుడు చెప్పాడు రాయుడు, మొదటి నుంచి చివరిదాకా. విన్నాక ముసలాయన తన చేతుల వైపు చూసుకున్నాడు. గోళ్లలో ఎర్రరంగు ఇంకా పోలేదు.

"ముందే ఒక్క మాట చెప్పుంటే ముట్టుకునేవాణ్ణా అల్లుడా?" అన్నాడు. ఆ మాట రాయుడు బతికున్నంత కాలం వినబడుతూనే ఉంటుంది.

సోమవారం యంత్రం తిప్పారు. దేవసేన రోజంతా గుడ్డ మీద చెయ్యి పెట్టి ఓపిగ్గా కూర్చుంది. ముల్లు ఒకటి దగ్గర నుంచి కదల్లేదు. బంధకం గుడ్డని పట్టేసింది. అంబుజాక్షి ఆ గుడ్డని పాడైపోయిన నమూనా అని రాసి అతనికి ఇచ్చేసింది. బంధకం డబ్బాలకి తాళం వేయించింది. అంతకంటే ఆమె మాత్రం ఏం చేస్తుంది?

రాయుడు గుడ్డని వెనక గదిలో గోడకి కొట్టి, పిల్ల వెళ్లకుండా తలుపుకి పైన గడియ పెట్టించాడు. మర్నాడు పొద్దున్నే కాళ్లూ మొహం కడుక్కుని, ఆ గుడ్డకి మూడడుగుల దూరంలో పీట వేసుకుని కూర్చున్నాడు. ఇంట్లో ఒక్కరైనా భయపడాలి కదా.

మొదట చెవుల వెనక చల్లబడింది. తర్వాత నాలుక ఎండింది. ఆపైన నాలుగేళ్ల పాటు దేవసేన ఒక్కతే మోసినది మొత్తం అతని మీద పడింది. బడి మెట్లు, బస్సు తలుపు, గొంతులో అడ్డం పడే ఇడ్లీ ముక్క, మేడ పిట్టగోడ. ఇంత బరువా ఇది? ఇదంతా ఎత్తుకునే ఆమె తనకి కాఫీ ఇచ్చిందా, చొక్కాలు ఇస్త్రీ చేసిందా? ఎప్పుడైనా విసుక్కుంటే, ఊరికే కంగారుపడతావు అని తను కోప్పడ్డాడా? పది నిమిషాలకే చొక్కా తడిసి, గోడ పట్టుకుని బయటికొచ్చాడు. ఆ భయం సాయంత్రందాకా నిలిచింది. తర్వాత నీళ్లు ఇంకినట్టు ఇంకిపోయింది. మర్నాడు మళ్లీ కూర్చున్నాడు.

అది రోజువారీ అయింది. అతను బయటికొచ్చేసరికి దేవసేన కాఫీ గ్లాసుతో నిలబడి ఉండేది.

"ఈపొద్దు దేనికి భయపడల్ల, బావా?"

అతను చెప్పేవాడు. కుళాయి దగ్గర పాచి ఉంది. ఫ్యాను స్విచ్చు వదులైంది. మందు సీసాలో ఇంకా నాలుగే గుళికలున్నాయి. ఆమె శ్రద్ధగా, కూర చేసే పద్ధతి విన్నట్టు విని, వెళ్లి పాచి రుద్దేది, గుళికలు తెచ్చేది. అతను చెప్పింది ఒక్కటీ తప్పేది కాదు. చెప్పనిది మాత్రం చేసేది కాదు. చెప్పడం ఎక్కడ మరిచిపోతానో అన్న భయం ఇంకొకటి రాయుడికి సొంతంగా పుట్టింది. నెల తిరిగేసరికి అతని బుగ్గలు పోయాయి. అన్నం ముద్ద నోటిదాకా వెళ్లి వెనక్కి రావడం అలవాటైంది.

రెండో నెలలో అతను జ్వరంతో మంచం పట్టాడు. ఒళ్లు పేలిపోతోంది. లేవబోయి రెండుసార్లు మళ్లీ పడిపోయాడు. "గదిలోకి తీసకపోమే... కూర్చోపెట్టు... పొద్దెక్కిపోతా ఉండాది... నీల ఎట్లమే..." అని పలవరించాడు.

దేవసేన అతని నుదుటి మీద తడిగుడ్డ వేసింది. తర్వాత వెళ్లి వెనక గది గడియ తీసింది. మంచం మీదినుంచి రాయుడికి తెరిచిన తలుపూ, లోపల ఆమె వీపూ కనబడుతున్నాయి. గుడ్డకి అడుగు దూరంలో నిలబడింది. ఒంట్లో వణుకు లేదు. తన భయం తనకి వాసన రాదు. పాపం, ఎందుకు నిలబడింది అనుకున్నాడు.

ఆమె కదల్లేదు. కాసేపటికి వేలు చాచి, కింద కుడి మూల మొదటి నల్లగీత మీద పెట్టి, కొసదాకా నడిపించింది. తర్వాత దాని పక్కది. గీత గీసిన చెయ్యి ఆమెదే. ఏ గీత దేన్ని తలుచుకుని గీసిందో ఆ చేతికి గుర్తుంది. భయం పోయింది గానీ జ్ఞాపకం ఎక్కడికీ పోలేదు. అది రాయుడికి ఇన్నాళ్లూ తట్టలేదు. వదులైన దాన్ని ఎలా లాగాలో కనిపెట్టినవాడు, మిగిలిపోయిందేమిటో ఒక్కసారి కూడా అడగలేదు.

"ఇది సంపు," అంటోంది ఆమె, మెల్లగా, పద్దులు చదివినట్టు. "ఇది పొయ్యి. ఇది బడి మెట్లు, మూడోది. ఇది స్నానాల గది. ఇది... ఇది నువ్వు ఇంట్లో లేకపోతే."

గీత గీతకీ బయటికొచ్చి ఆ పని చేసి మళ్లీ వెళ్లింది. సంపు మూత మీద రుబ్బురోలు పొత్రం దొర్లించింది. అటక ఎక్కి, దుమ్ము పట్టిన గేటు దించి పొయ్యి ముందు నిలబెట్టింది. ఊడిన పీలికలు బల్ల మూలలకి మళ్లీ చుట్టింది. జ్వరం కళ్లతో చూస్తున్న రాయుడికి గోడ మీది గుడ్డ మొదటిసారి వేరేగా కనబడింది. ఆ నల్లవంపులన్నీ నడిమి తెల్లటి చోటు మీదికి దూకుతున్నాయని ఇన్నాళ్లూ అనుకున్నాడు. అవి దూకడం లేదు. అన్నీ దాని చుట్టూ వంగి, వీపులు బయటికి పెట్టి, కాపలా ఉన్నాయి.

చీకటి పడేవేళకి ఒక్క గీత మిగిలింది, ఆ ఎర్రది. దేవసేన ఎడమ అంచు నుంచి మొదలుపెట్టి, తెల్లటి చోటుదాకా దాన్ని వేలితో తడిమింది. బయటికొచ్చి మేకుకి వేలాడుతున్న నూలుదారం తీసింది. అన్నం తిని పక్కమీద బొర్లాడుతున్న నీల కాలికి ఒక కొస కట్టి, రెండో కొస తన మణికట్టుకి చుట్టుకోసాగింది.

నీల లేచి కూర్చుంది. "అమ్మా, నీకు మళ్లీ భయమేస్తా ఉండాదా?"

"లేదుమే."

"మరెందుకు కడతా ఉండావు?"

దేవసేన ముడి బిగించింది, పళ్లతో కొస లాగి సరిచూసింది.

"గీసుండాది కదా," అంది. పిల్లని పక్కలోకి లాక్కుని పడుకుంది.

రాయుడు ఆ దారాన్నే చూస్తూ ఉన్నాడు. పిల్ల అటు దొర్లినప్పుడు అది బిగుసుకుంది. దేవసేన నిద్రలోనే చెయ్యి కొంచెం ముందుకి జరిపింది.